పదహారేళ్లు నిండినవాళ్లకే

ఓస్టెండ్‌లో నవంబరు రాత్రి,
పదకొండుంబావు.
రెండో ఆట వదిలారు.
తలుపు రెక్కని కాలితో అదిమిపట్టి నిలబడ్డాను,
సముద్రపు గాలి దాన్ని లాక్కుపోవాలని చూస్తోంది.

సినిమా వదిలాక బయటికొచ్చే ముఖాల్ని
పన్నెండేళ్లుగా చూస్తున్నాను.
నవ్వుల సినిమాకైతే గుంపుగా వస్తారు.
ఇలాంటిదానికి ఒక్కొక్కరే,
కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంటూ.

"మొదటి గంటంతా నాన్చుడే" అన్నాడు
చేపల వేలంపాటలో గొంతు పోగొట్టుకున్న ఫ్లోరిమోన్.
"పిల్లాణ్ణి ఎత్తుకుపోయిందెవడో
ఆ ఎర్ర వ్యాను కనబడగానే తెలిసిపోయింది నాకు."
ఆయనకి ప్రతి సినిమాలోనూ తెలిసిపోతుంది.
టికెట్ డబ్బులు అందుకే ఇస్తాడనుకుంటా.

"అంత చీకటేమిటి, దీపం పెట్టే దిక్కే లేదా
ఆ పోలీసు స్టేషన్లో?"
హిల్డెగోండె కళ్లజోడు తుడుచుకుంది.
తుడవాల్సింది కళ్లజోడు కాదు,
ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"ఆ తల్లి ఒక్కసారైనా ఏడవదే, నమ్మేలా లేదు"
అన్నాడొక మొగుడు.
"అంత ఏడుపు మిగిలితేగా" అంది పెళ్లాం,
గొడుగు అతని చేతిలోంచి తీసుకుని
తన దారిన తను నడుస్తూ.

సినిమా చదువు చదివే కుర్రాళ్లిద్దరు
గోడకి ఆనుకుని సిగరెట్టు చుట్టుకుంటూ
ఆ పొడుగాటి షాటు గురించి, ఖాళీ ఉయ్యాల గురించి
"అద్భుతం, అద్భుతం" అంటున్నారు.
ఖాళీ ఉయ్యాలని అద్భుతం అనగలిగే వయసు.

రిటైరైన పోలీసు వెర్లిండెన్ మాత్రం
టోపీ చేతుల్లో తిప్పుతూ
"సినిమాలో ఫోను మోగుతుంది,
మాకు మోగేది కాదు" అన్నాడు.
అంతే. ట్రామెక్కేశాడు.

పేరు తెలియని ఒకావిడ మెట్ల మీదే ఆగి
ఇంటికి ఫోను చేసింది.
"పడుకున్నాడా? చూడు.
తలుపు దగ్గర్నుంచి కాదు,
దగ్గరికెళ్లి చూడు."

అప్పుడొచ్చాడు వాడు,
ఎదురుగా బంగాళాదుంప వేపుళ్ల బండి దగ్గర్నుంచి,
చేతిలో ఉప్పంటిన కాగితం పొట్లంతో,
వెనకాల మేనత్త "యార్నె, ఆగు" అంటుంటే.
తొమ్మిదేళ్లు.
ముందు పన్ను కొత్తది, ఇంకా సగమే దిగింది.
తెర మీద అక్కడ సందుంది.

గోడ మీద పోస్టర్లోనూ వాడే,
నాకు రెండింతల ఎత్తున,
మూసుకున్న కళ్ల మీదుగా వాన జారుతూ.

సాయంత్రం వాణ్ణి ఆపింది నేనే.
పదహారు నిండాలి, రూలు.
"అందులో ఉన్నది నేనే" అన్నాడు.
"అయినా సరే" అన్నాను.
ఈ ఉద్యోగంలో ఇంతకన్నా సిగ్గుపడ్డ మాట ఇంకోటి లేదు.

వాడికి తెలిసిందల్లా నాలుగు రోజుల షూటింగు.
పరుగెత్తమన్నారు, పరుగెత్తాడు.
వ్యానులో కూర్చోమన్నారు, కూర్చున్నాడు.
ఎత్తుకుపోయే ఆ కిరాతకుడు
షాటుకీ షాటుకీ మధ్య
జేబులోంచి అతిమధురం బిళ్లలు తీసిచ్చేవాడట,
చలికి వీడి చేతులు తన చేతుల్లో పెట్టి రుద్దేవాడట.
తర్వాత కారులో ఇంటి దగ్గర దింపేశారు.
మిగతా కథ పెద్దవాళ్లు తీసుకున్నారు.

ఇప్పుడు తలెత్తి
గుండీలు పెట్టుకుంటున్న అందర్నీ కలిపి అడిగాడు,
"నేను దొరికానా?"

ఫ్లోరిమోన్ గొంతు సవరించుకున్నాడు.
అన్నీ ముందే తెలిసే మనిషి
నేలకేసి చూశాడు, అక్కడేదో రాసున్నట్టు.
కుర్రాళ్ల సిగరెట్టు ఆరిపోయింది.
ఫోనావిడ ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది,
అవతల ఎవరో హలో, హలో అంటున్నారు.

ఆఖరికి హిల్డెగోండె వంగి
వాడి మఫ్లరు ముడి సరిచేసి
"ఇదిగో, ఉన్నావుగా" అంది.

వాడు ఒప్పుకోలేదు.
"ఇక్కడ కాదు, అందులో."

జవాబుకి ఇంకా ఏడేళ్లుంది.

మేనత్త చెయ్యి పట్టుకుని లాగింది.
వెళ్తూ వెళ్తూ వాడు
పొట్లంలోంచి ఒక ముక్క తీసి
గోడ మీది పిల్లాడికి చూపించాడు,
తింటావా అన్నట్టు.